ఒకనాటి నభోవాణి: మనకు రాని సగము

ఒక జాతి బుద్ధిని తెలిసికొనవలెనన్న దాని శాసనసభలలోని ఉపన్యాసములను, యుద్ధవిజయములను చదివినంతమాత్రమున చాలదు. ఆ జాతిలోని సామాన్యజనము వంటయింట, పొలము గట్టున, యంత్రశాలలో ఏ మాటలు వినుచు దినము వెళ్లబుచ్చినదో అదియు విచారింపవలెను. ఇంగ్లండు మనలను ఏలిన కాలమున నెలకొల్పిన రైళ్లను గూర్చి, న్యాయస్థానములను గూర్చి, పార్లమెంటు పద్ధతిని గూర్చి మనవారు కావలసినంత వ్రాసిరి. దాని రేడియోను గూర్చి వ్రాసినది మిక్కిలి స్వల్పము. ఆ దేశము నుండి మనకు సంక్రమించిన సంస్థలలో రేడియో యొకటి. అయితే అందు మనకు వచ్చినది సగమే. తక్కిన సగము వారి యింటనే నిలిచిపోయినది. ఆ నిలిచిపోయిన సగమేదో పాఠకుల ముందుంచుటకే మే మీ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

ఇందులకు ఒక దినమును తీసికొందము. 1951 జనవరి 1, సోమవారము. సంవత్సరాదియే గాని ఇంగ్లండున ఆనాడు సెలవు కాదు. ఆ సెలవు 1974 లో గాని వారికి రాలేదు. మహాయుద్ధము ముగిసి ఐదేండ్లు దాటినను మాంసము, చక్కెర, వెన్న ఇంకను రేషను చీటి మీదనే దొరకుచుండెను. కొరియాలో ఆంగ్ల సైనికులు మరల పోరాడుచుండిరి. అట్లీ గారి లేబరు మంత్రివర్గము 1950 ఫిబ్రవరి ఎన్నికలలో చావు తప్పి కన్ను లొట్టవోయినట్లు స్వల్పాధిక్యముతో బయటపడి, ఏనాడు కూలునో యన్నట్లుండెను. చలి, కొరత, చింత, ఈ మూటి నడుమ తెల్లవారిన దినమది. అట్టి దినమున ఆ దేశపు రేడియో తన ప్రజలకు ఏమి వినిపించినది?

ముందుగా ఆ రేడియో ఎవరిదో చెప్పవలెను. 1922 లో రేడియో యంత్రములను చేయు కంపెనీలు తమ సరకు చెల్లుబడి యగుటకై కలిసి ఒక ప్రసారసంఘమును స్థాపించి, ఆ యేడు నవంబరు 14 నుండి లండనున దినదినమును ప్రసారములు సాగించినవి. నాలుగేండ్లు గడచునప్పటికి, ఇంతటి సాధనమును వర్తకుల చేత నుంచుట మేలు కాదనియు, మంత్రుల చేత నుంచుట అంతకన్న మేలు కాదనియు ఆ దేశపు పెద్దలకు తోచినది. అందుచేత 1927 జనవరి 1 నుండి బి.బి.సి. రాజు ఇచ్చిన చార్టరు వలన ప్రజాసంస్థ యైనది. దానికొక పాలకమండలి. దాని వ్యయమునకు ఆధారము శ్రోతలు చెల్లించు లైసెన్సు రుసుము. అది మొదట సంవత్సరమునకు పది షిల్లింగులు. 1946 లో ఒక పౌను. అనగా దినమునకు ఒక పెన్నీకన్న తక్కువ. 1950 నాటికి లైసెన్సులు సుమారు 1 కోటి 20 లక్షలు. దేశజనాభా సుమారు 5 కోట్లు. ఇంటికొక రేడియో యనుట అతిశయోక్తి కాదు. ప్రకటన లొక్కటియు లేవు. ఖజానా ఆ రుసుములో తన పాలు కొంత పట్టుకొనుట నిజమే. అయినను శ్రోత తాను కొన్న మాటకు తానే వెల యిచ్చుచున్నాననెడి భావము అచ్చట స్థిరపడినది. ఈ యొక్క సంగతి పాఠకులు మనసున నుంచుకొన ప్రార్థన.

ఆనాడు బి.బి.సి. స్వదేశీయులకు మూడు ప్రసారములు సాగించుచుండెను. హోంసర్వీసు ఇంటి పెద్ద వంటిది: వార్తలు, ఉపన్యాసములు, నాటకములు, పాఠశాలల పాఠములు దానివి. 1945 జూలై 29 న పుట్టిన లైటు ప్రోగ్రాము తిరునాళ్ల వంటిది: పాటలు, పరిహాసములు, కథలు దానివి. 1946 సెప్టెంబరు 29 న పుట్టిన థర్డు ప్రోగ్రాము పండితసభ వంటిది: సాయంకాలము మొదలిడి అర్ధరాత్రము వరకు కఠిన సంగీతమును, శాస్త్రచర్చను, కావ్యమును అది వినిపించెడిది. ఈ మూటిని మూడు అంతస్తుల గోపురముగా ఊహించినవాడు నాటి డైరెక్టరు జనరలు సర్ విలియం హేలీ. క్రింది అంతస్తున తిరునాళ్ల పాటకు చెవి యొగ్గిన వాడు క్రమముగా పై యంతస్తున కెక్కునని ఆయన యాశ. అందరు ఎక్కిరా యనినచో ఎక్కలేదు. పై యంతస్తున శ్రోతలు ఎన్నడును కొలదిమందియే. కాని మెట్లు కట్టియుంచుట ఒక పని, ఎక్కుట మరియొక పని. కట్టవలసిన వారు కట్టిరి.

ఇక దినచర్య. తెల్లవారి 7 గంటలకు హోంసర్వీసున వార్తలు. గంటను సూచించుటకు గ్రీనిచ్చి వేధశాల పేర ఆరు చుక్కల ధ్వని. 1924 ఫిబ్రవరి 5 నుండి ఆ ధ్వని ఆ దేశపు గడియారములన్నింటిని సరిదిద్దుచున్నది. 8 గంటలకు పది నిమిషములుండగా మతసంబంధమైన చిన్న ప్రసంగము. 8 గంటలకు మరల వార్తలు. పురుషులు పనికి వెడలిన పిదప 9 గంటల 10 నిమిషములకు లైటు ప్రోగ్రామున గృహిణులు కోరి వ్రాసిన గ్రామఫోను పాటలు. 10 గంటల 15 నిమిషములకు హోంసర్వీసున దైవప్రార్థన. అది 1928 నుండి తప్పక జరుగుచున్నది. బడులు తెరచియున్న కాలమున పిల్లలకు పాఠములును రేడియో నుండియే. నడుమ నడుమ సముద్రము మీది నావికులకు గాలివానల సూచన. చెప్పిన వేళకు చెప్పినది వచ్చుట మొదటి గుణము. గడియారము తప్పని రేడియో, మాట తప్పని మనుష్యుని వంటిది. వినువాడు దాని ననుసరించి తన పనిని అమర్చుకొనును.

10 గంటల 30 నిమిషములకు కార్మికుల వంతు. పని చేయుచు వినదగిన సంగీతమని 1940 జూన్ 23 న, యుద్ధపు నడుమ, ఆయుధశాలలలో చేతులు చురుకుగా సాగుటకై ప్రారంభించిన అరగంట కార్యక్రమమది. యుద్ధము పోయినను అది పోలేదు. యంత్రశాలలో లౌడుస్పీకరులు పెట్టి వినిపించెడివారు. నిద్ర తెప్పించు మంద్రగీతములు కూడవు. మిక్కిలి ఉద్రేకము కలిగించునవియు కూడవు. ఒక పాటకు కార్మికులు చేతి పనిముట్లతో యంత్రములపై తాళము వేయుచున్నారని ఆ పాటనే మానిపించిరట! పాఠకులు నవ్వుదురుగాక. మాకు మాత్రము ఇందు నవ్వుతో పాటు ఒక ప్రశ్నయు తోచుచున్నది. పాట కార్మికుని సుఖము కొరకా, యజమాని ఉత్పత్తి కొరకా? మన పల్లెలలో నాట్లు వేయు స్త్రీలు పాడుకొను పాట వారి సొంతము. దానిని ఎవరును కొలిచి పెట్టరు. ఇచ్చట పాటయు పనిముట్టులలో నొకటి యైనది. మేలు చేయు చేతిలోనే పగ్గమును ఉండవచ్చునని గ్రహించుటకు ఈ అరగంట చాలును.

ఆ దినమునకు చరిత్రలో నిలువదగిన గౌరవము తెచ్చినది 11 గంటల 45 నిమిషములకు వచ్చిన పావుగంట. 'ది ఆర్చర్సు' అను పేర ఒక రైతు కుటుంబపు కథ ఆనాడే మొదటిసారి దేశమంతటికిని లైటు ప్రోగ్రామున వినవచ్చినది. అంతకు పూర్వము 1950 మే నెలలో మిడ్‌లాండ్సు ప్రాంతమున మాత్రము దానిని పరీక్షించి చూచిరి. దాని పుట్టుక మన రైతులు తెలిసికొనదగినది. తిండి కొరతతో దేశము బాధపడుచున్న దినములవి. క్రొత్త సేద్యపద్ధతులను చిన్న రైతుల చెవిని వేయవలెనని ప్రభుత్వము కోరిక. ఉపన్యాసములు చెప్పించిరి, ఎవరును వినలేదు. 1948 లో బర్మింగుహాములో రైతులను, అధికారులను బి.బి.సి. వారు సమావేశపరచి ఉపాయమడిగిరి. అప్పుడు డిక్ బార్టన్ అను గూఢచారి సాహసకథ సాయంకాలము 6 గంటల 45 నిమిషములకు వచ్చుచు దేశమును ఉఱ్ఱూతలూపుచుండెను. లింకనుషైరునకు చెందిన ఒక రైతు లేచి, మాకు కావలసినది రైతు డిక్ బార్టన్ అను నర్థము వచ్చునట్లు పలికెను. సభ నవ్వినది. కాని గాడ్‌ఫ్రే బేస్లీ అను ప్రసారాధికారి ఆ మాటను నవ్వులో పోనీయలేదు. డిక్ బార్టన్ కథను వ్రాయు ఎడ్వర్డు మేసన్, జాఫ్రీ వెబ్ అనువారి చేతనే ఈ క్రొత్త కథను వ్రాయించెను.

ఆంబ్రిడ్జి అను కల్పిత గ్రామము. బ్రూక్‌ఫీల్డు అను కమతము. డాన్ ఆర్చరు, అతని భార్య డోరిస్, వారి బిడ్డలు. ఇంటి తగవులు, పెండ్లి మాటలు, పశువుల జబ్బులు, పొరుగువాని గిల్లికజ్జములు. ఈ ముచ్చట్ల నడుమ ఎరువును గూర్చి, విత్తనమును గూర్చి, పాడిని గూర్చి వ్యవసాయశాఖ చెప్పదలచిన మాట తేనెలో మందు వలె దిగిపోయెడిది. మూడు నెలలలో, 1951 ఈస్టరు నాటికి, డిక్ బార్టన్ వేళనే ఈ రైతు ఆక్రమించెను. సాహసవీరుడు రంగము వీడిపోయెను. ఆ కథ నేటికిని సాగుచునే యున్నది. ఒక అధికారి కరపత్రము వ్రాసియుండినచో అది చింతపండు పొట్లములకు పోయియుండును. రైతు పలికిన మాటను రైతు చెవికి రైతు నోటనే చేర్చుటచే డెబ్బది యేండ్లు దాటి నిలిచినది. చెప్పదలచిన వాడు ముందు వినవలెను. ఇదియే అందలి కిటుకు.

మధ్యాహ్నము 1 గంటకు వార్తలైన పిదప, 1 గంట 45 నిమిషములకు ఒడిలోని పసిబిడ్డలకు తల్లితో కూడ వినదగిన కథ. అది 1950 జనవరి 16 న ఆరంభమైనది. 2 గంటలకు స్త్రీల గంట. 1946 అక్టోబరు 7 న మొదలైన ఈ కార్యక్రమమునకు తొలినాళ్లలో సూత్రధారిగా ఒక పురుషుని నియమించుట వినోదమే. వంటయింటి విషయమునను స్త్రీకి పురుషుడే ఉపదేష్ట కావలెనని తలచిరి కాబోలు! కాని కొలదికాలమునకే ఆ గంట స్త్రీల దైనది. ఆరోగ్యము, శిశుపోషణ, చట్టము, ఉద్యోగము, సాహిత్యము అందు చర్చకు వచ్చినవి. అదియు నేటికిని నిలిచియున్నది. 4 గంటలకు ఒక వైద్యుని భార్య దినచర్య రూపమున సాగు కుటుంబకథ. 5 గంటలకు హోంసర్వీసున బాలుర వేళ. అది 1922 నుండి వచ్చుచున్నది. మన మదరాసు కేంద్రమున న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై తెలుగు బిడ్డలకు కట్టిపెట్టిన ఆటపాటల పందిరిని ఎరిగినవారికి, ఇట్టి వేళ ఒక తరమును ఎట్లు తీర్చిదిద్దునో వేరుగ చెప్పనక్కరలేదు.

సాయంకాలము 6 గంటలకు వార్తలు. పిదప వాద్యగోష్ఠులు, నాటకములు, హాస్యములు. మూడవ ప్రసారమున విద్వాంసుల పలుకు. ఆ ప్రసారమును గూర్చి ఒక్క మాట. విశ్వము ఒక మహావిస్ఫోటమున పుట్టినదను వాదమునకు నేడు లోకమంతట చెల్లు ఆంగ్లనామము 1949 మార్చిలో ఫ్రెడ్ హోయల్ అను శాస్త్రజ్ఞుడు థర్డు ప్రోగ్రామున మాటలాడుచు వాడినదే. ఆ వాదమును ఒప్పని వాని నోటనే దానికి పేరు వచ్చుట విశేషము. డిలన్ థామస్ రచించిన 'అండర్ మిల్క్ వుడ్' అను శ్రవ్యనాటకము 1954 జనవరి 25 న ఈ ప్రసారముననే వినవచ్చినది. రేషను చీటితో బ్రెడ్డు, బొగ్గు లెక్కించుకొనిన జాతి, 1947 చలికాలమున బొగ్గు లేక ఈ ప్రసారమునే కొన్నినాళ్లు ఆపుకొనిన జాతి, మరల దానిని తెరచినది గాని అది దండుగ యని తలచలేదు. విద్య యందు ధనికులకు దేశమున ఎన్నో ద్వారములు. పౌను చెల్లించిన బొగ్గుగని కూలికి ఇది యొక ద్వారము. లోనికి పోవువారు పదిమందియైనను ద్వారము మూయరాదు.

రాత్రి 9 గంటలకు బిగ్‌బెన్ గంటలు. ఆ వెనుక వార్తలు. యుద్ధకాలమున దేశమంతయు ఊపిరి బిగబట్టి వినిన వేళ యది. ఆ నెమ్మదియైన కంఠమును, అలంకారము లేని వాక్యమును మేమును మెచ్చుకొందుము. అయితే ఇచ్చటనే మెప్పు నాపి, ఆ దినమున వినరాని దానిని గూర్చి విచారింపవలసియున్నది.

ఆనాడు బి.బి.సి. ఒక కట్టడికి లోబడియుండెను. పార్లమెంటున రాబోవు పదునాలుగు దినములలో చర్చకు రానున్న ఏ విషయమును గూర్చియు రేడియోలో వాదోపవాదములు చేయరాదు. అనగా ప్రజలకు ఏ విషయము అత్యవసరమో సరిగా ఆ విషయమునే వారు వినరాదు! 1944 లో ఈ కట్టడిని విధించినది ప్రభుత్వము కాదు, బి.బి.సి. తానే విధించుకొన్నది. పిదప మంత్రులకు అది రుచించి, సంస్థ విడువగోరినప్పుడు వారు విడువలేదు. 1955 లో దానిని ప్రభుత్వాజ్ఞగానే చేసిరి. 1956 చివర గాని అది తొలగలేదు. తనకు తాను కట్టుకొన్న సంకెల తాళపుచెవి ఎల్లప్పుడును పరుల చేతికే పోవును.

ఇది క్రొత్త గుణము కాదు. 1926 మే నెలలో ఇంగ్లండున సార్వత్రిక సమ్మె జరిగినప్పుడు పత్రికలు చాలభాగము ఆగిపోయినవి; రేడియోయే దిక్కు. ప్రభుత్వము దానిని వశపరచుకొనలేదు. వశపరచుకొనవలసిన అవసరమును అధిపతి జాన్ రీత్ కల్పింపలేదు. ప్రధాని బాల్డ్విన్ మాటలాడెను. ప్రతిపక్షనాయకుడు రామ్సే మాక్డొనాల్డు మాటలాడ గోరగా వీలుకాలేదు. సంధి కావింపుడని కాంటర్బరీ ఆర్చిబిషప్పు పలుకగోరిన మాటను గూడ కొన్ని దినములు ఆపిరి. బిషప్పు మాటకే బీగము పడినచో కూలివాని మాట యేమి కావలెను? మరియు 1985 లో వెల్లడియైన దేమనగా, ఆ సంస్థలోనికి ఉద్యోగులను తీసికొనునపుడు దశాబ్దముల తరబడి ప్రభుత్వపు గూఢచారశాఖ చేత వారి రాజకీయాభిప్రాయములను రహస్యముగా పరీక్షింపజేయుచుండిరట. కనుక అది నిష్కళంకమైన స్వాతంత్ర్యమని మేము చెప్పబోము. పగ్గము పొడవైనది, పగ్గము లేకపోలేదు.

అయినను పొడవైన పగ్గమునకును, ముక్కుత్రాటికిని భేదము గలదు. ఆ భేదము 1956 నవంబరులో బయటపడినది. ఈజిప్టుపై దండయాత్రకు ఈడెన్ ప్రభుత్వము దిగినది. నవంబరు 3 న ప్రధాని దేశమునుద్దేశించి రేడియోలో, టెలివిజనులో మాటలాడెను. సైన్యము సముద్రము మీద నుండగా ప్రతిపక్షమునకు గొంతు నీయరాదని ప్రభుత్వపక్షము పట్టుపట్టినది. అయినను మరునాడే, నవంబరు 4 న, గైట్‌స్కెల్ అదే సాధనమున ఆ యుద్ధమును ఖండించెను. విదేశప్రసారములలోను, అరబ్బులకు చేయు ప్రసారములతో సహా, దేశమున పుట్టిన నిరసనను దాచిపెట్టలేదు. మంత్రులు కోపించిరి, గ్రాంటు తగ్గింతుమని బెదరించిరి, విదేశాంగశాఖ ఉద్యోగి నొకనిని తెచ్చి ఆ కార్యాలయమున కూర్చుండబెట్టిరి. సంస్థ నిలిచినది. చట్టము వ్రాసిన నాడు కాదు, ప్రభువు కోపించిన నాడు సంస్థకు పరీక్ష. 1926 లో తప్పినది, 1956 లో నెగ్గినది.

నెగ్గుటకు కారణము ఒక్క చార్టరు కాదని మా నమ్మకము. ఆ జాతి తన రేడియోను గూర్చి పదేండ్లకొకసారి పంచాయతి పెట్టుకొన్నది. 1923 లో సైక్సు, 1926 నాటికి క్రాఫర్డు, 1936 నాటికి అల్స్‌వాటరు, 1951 జనవరిలో, అనగా మేము చెప్పుచున్న దినమునకు మూడు వారములు తిరుగకయే, బెవరిడ్జి సంఘముల నివేదికలు వెలువడినవి. బెవరిడ్జి సంఘము ఏకహస్త ప్రసారమే కొనసాగవలెననగా, సెల్విన్ లాయిడ్ ఒక్కడు భిన్నాభిప్రాయము వ్రాసెను. ఆ భిన్నాభిప్రాయమే కడకు గెలిచి 1955 లో ప్రకటనలతో కూడిన టెలివిజను అచ్చటికి వచ్చినది. ఎవరిది ఒప్పు అను చర్చ వేరు. తమ గొంతు ఎవరి చేతనుండవలెనని ప్రజ లడుగుచు, ప్రభుత్వము బదులు చెప్పవలసివచ్చుచు నుండెను, అదియే ముఖ్యము.

ఇక మన సంగతి. స్వదేశమున మంత్రి చేతికి రేడియో నీయరాదని నిర్ణయించిన జాతియే మన దేశమున ఏమి చేసినది? 1927 జూలైలో బొంబాయిలో ఒక ప్రైవేటు కంపెనీ ప్రసారములు మొదలిడి, మూడేండ్లకే దివాలా తీసినది. 1930 లో ప్రభుత్వము దానిని తీసికొని పరిశ్రమలు, కార్మిక వ్యవహారముల శాఖ క్రింద చేర్చినది. 1935 లో బి.బి.సి. నుండి లియొనెల్ ఫీల్డెన్ అను సమర్థుని పిలిపించి అధికారిని చేసిరి. ఆయన కాలముననే, 1936 లో, ఆలిండియా రేడియో యను పేరు వచ్చినది. మనిషిని పంపిరి గాని చార్టరును పంపలేదు. నిలయమును, యంత్రమును, నియమావళిని ఇచ్చిరి. పాలకమండలిని, శ్రోత హక్కును అచ్చటనే దాచుకొనిరి. 1932 డిసెంబరు 19 న డావెంట్రీ నుండి ఆరంభించిన సామ్రాజ్య ప్రసారము ఇంగ్లీషుననే; 1940 మే నెలలో, యుద్ధము మీదికి వచ్చిన పిదప గాని హిందూస్తానీలో మనతో మాటలాడవలెనని వారికి తోచలేదు. 1947 లో వారు వెడలునాటికి మనకు మిగిలినవి ఆరు కేంద్రములు, సుమారు 2 లక్షల 75 వేల లైసెన్సులు. తెలుగువారికి మదరాసు కేంద్రమే దిక్కు. బెజవాడ కేంద్రము 1948 డిసెంబరు 1 న గాని తెరువబడలేదు. నైజాము రాజ్యమున నున్న దక్కన్ రేడియో నైజాముదే.

రేడియో శాఖ యైనచో ఏమగునో 1942 చూపినది. ఆగస్టున నాయకులందరు చెరసాల పాలైనప్పుడు దేశపు నభోవాణి దేశమును గూర్చి మూగవోయినది. అప్పుడు బొంబాయిలో ఉషా మెహతా అను ఇరువదిరెండేండ్ల విద్యార్థిని, కొందరు మిత్రులతో కూడి, 42.34 మీటర్ల మీద కాంగ్రెసు రేడియోను నడపెను. ఇల్లు మార్చుచు, యంత్రము మోసికొనుచు, ఆగస్టు 27 నుండి నవంబరు 12 వరకు వారు పలికిరి. ఆ దినమున పట్టుపడిరి. ఆమెకు నాలుగేండ్ల శిక్ష. సరిగా ఐదేండ్లకు, 1947 నవంబరు 12 న, మహాత్ముడు ఢిల్లీ ప్రసారభవనమునకు తానే వెళ్లి కురుక్షేత్రమున తలదాచుకొన్న శరణార్థులతో మాటలాడెను. నాడు దొంగతనముగ పలుకవలసివచ్చిన మాట, నేడు ప్రభుత్వభవనము నుండి పలుకబడినది. దేశమునకు గొంతు వచ్చినదని అందరు సంతసించిరి.

వచ్చినది నిజమే. కాని ఆ గొంతు ఎవరిది? తెల్లదొర విడిచిన కుర్చీలో మనవారు కూర్చుండిరి, కుర్చీ మారలేదు. 1952 లో మంత్రి యైన కేస్కరు గారు సినిమా పాటలు జాతి రుచిని చెరచునని వానికి తలుపు మూసిరి. శ్రోతలు రేడియో సిలోనుకు తరలిరి. 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టి గాని వారిని మరల్చుకొనలేకపోయిరి. ఇదే తప్పు రీత్ చేసియుండెను: ఆదివారము భక్తియే గాని వినోదము కూడదని శాసింపగా 1930 లలో ఆంగ్ల శ్రోతలు లక్సెంబర్గు రేడియోకు పోయిరి. ఉపదేశము మితిమీరిన చోట శిష్యుడు గోడ దూకును. ఇది చిన్న తప్పు, దిద్దుకొనవచ్చును. పెద్ద తప్పు 1975 లో జరిగినది. అత్యవసరపరిస్థితిలో ఆకాశవాణి గంగిరెద్దు వలె తల యూచుటయే గాని వేరు మాట యెరుగకపోయెను. 1966 లో చందా సంఘము స్వయంప్రతిపత్తి ఈయుడని వ్రాసినది. 1978 లో వర్గీసు సంఘము మరల వ్రాసినది. 1990 లో ప్రసారభారతి చట్టము వచ్చినది. 1997 లో గాని అమలు కాలేదు. ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇన్ని జరిగియు, నేటికిని ఆ సంస్థ ఉద్యోగుల జీతములకు కేంద్రప్రభుత్వపు నిధులే ఆధారము. అన్నము పెట్టు చేయి నోటిని గూడ మూయగలదు.

మాపై ఒక ఆక్షేపణ రావచ్చును: పత్రికలు లేవా, టెలివిజనులు లేవా, చేతిలోని ఫోనున లోకమంతయు లేదా, రేడియోను గూర్చి ఇంత యాతన యేల? వానిలో పెక్కు వర్తకుల సొమ్ముతోనో, పక్షముల సొమ్ముతోనో నడచుచున్నవి. ఎవరికి వారు తమ మాటను పెద్దగా అరచుటే గాని ఎదుటివాని మాటను వినిపించు బాధ్యత ఎవరికిని లేదు. ఆ బాధ్యతను చట్టము చేత తలకెత్తుకొన్నది ఒక్క ప్రజాప్రసారసంస్థయే. అందువలన సందడి ఎంత పెరిగిన దాని యవసరము అంత పెరుగును. రేడియో కాలము చెల్లినదనుట గ్రామము నెరుగనివారి మాట. తంజావూరు సీమలో ఏ.డి.టి. 27 అను వరి వంగడమును ప్రచారము చేసినది తిరుచిరాపల్లి రేడియో. రైతులు ఆ వడ్లకు రేడియో వడ్లని పేరు పెట్టుకొనిరి. ఒక ప్రసారసంస్థకు ఇంతకన్న బిరుదము వేరే యుండదు.

కావలసినవి నాలుగు. మొదటిది, ప్రసారసంస్థకు మంత్రి సంతకముతో పని లేని నిధి. పార్లమెంటు కొన్నేండ్లకు ఒకమారు నిర్ణయించి, నడుమ కదల్పరాని నిధి. రెండవది, ప్రధాని గాని ముఖ్యమంత్రి గాని వివాదాస్పద విషయమున ప్రజలతో మాటలాడిన మరునాడు ప్రతిపక్షమునకు అదే వేళ, అంతే సేపు. గైట్‌స్కెల్‌కు లభించినది మన ప్రతిపక్షములకు, అది ఏ పక్షమైనను, లభింపవలెను. మూడవది, పదేండ్లకొక విచారణసంఘము. దాని నివేదికపై బహిరంగచర్చ. నాలుగవది, తెలుగు కేంద్రములకు తమ కార్యక్రమములను తామే నిర్ణయించుకొను అధికారము, తమ సీమ రైతును, కార్మికుని, గృహిణిని ముందు విని పిదప వారితో మాటలాడు ఓర్పు. ఆంబ్రిడ్జి మనకు కల్పితగ్రామము కానక్కరలేదు. మనకు నిజమైన గ్రామములే వేలు గలవు.

మంత్రులను మాత్రమే నిందించి ఊరకుండుట మా యుద్దేశము కాదు. ఇంగ్లండున శ్రోత పౌను చెల్లించెను గనుక నిలదీసి యడిగెను. మనము పన్నుల రూపమున చెల్లించుచునే యున్నాము గాని చెల్లించుచున్నామని మరచితిమి, మరచినవాడు అడుగడు. పొలమునకు నీరు రాకున్న కాలువ అధికారిని అడుగు రైతు, తన యూరి మాట రేడియోలో రాకున్న ఎవరిని అడిగినాడు? పట్టణమున కుళాయి ఆగినచో పురపాలకసంఘము తలుపు తట్టు గృహస్థు, నిజమైన వార్త ఆగినప్పుడు ఏ తలుపు తట్టినాడు? వారు ఆ దినమున వినిన కార్యక్రమములను మనము అనుకరింపనక్కరలేదు. మన పాట, మన కథ మనకు చాలును. అనుకరింపవలసినది వారి యడుగుటను. మనకు రాని సగము అదియే. దానిని ఎవరును ఓడలో పంపరు, మనమే సంపాదించుకొనవలెను.